వరండా బడి నడిపిన మా అమ్మ

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను 1991 పదో తరగతి బ్యాచి విద్యార్థినిని.

మన సంఘం వాళ్ళు ఫోన్ చేసి, "మీ అమ్మగారి గురించి ఓ పది నిమిషాలు మాట్లాడాలమ్మా" అన్నప్పుడు ముందు నాకు ఆశ్చర్యం వేసింది. మా అమ్మ ఈ బడిలో చదవలేదు. ఇక్కడ ఉద్యోగం చేయలేదు. దాతల పలక మీద ఆమె పేరు లేదు. ఈ బడి కాగితాల్లో ఆమె సంతకం ఎక్కడైనా ఉంటే అది మా ముగ్గురు పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీదే. అయినా పాత టీచర్లు పట్టుబట్టి ఆమె పేరు చేర్పించారట. వాళ్ళకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఇందాక నన్ను పరిచయం చేస్తూ తమ్ముడు అమ్మను "త్యాగమూర్తి, సహనమూర్తి" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కానీ సహనం అన్న మాటకు వెనక వరసలో మా పిన్ని నవ్వడం నేను చూశాను. అమ్మకు సహనం తక్కువ, నోరెక్కువ. పాలల్లో నీళ్ళు కలుపుతున్నావా అని అడిగిన పెద్దమనిషిని గొడ్లచావిడికి పిలిచి, ఎదురుగా నిలబెట్టి, గేదెను పిండి చూపించిన మనిషి ఆమె. అందుకే ఆమె ఏం చేసిందో అంతే చెబుతాను. బిరుదులు వద్దు.

ఏడో తరగతి దాకా చదివి, పదహారో ఏట పెళ్ళయి ఈ ఊరొచ్చింది. రెండెకరాల మెట్ట, రెండు గేదెలు, ముగ్గురు పిల్లకాయలం. తెల్లవారుజామున పాలు పిండుతూ మమ్మల్ని పక్కనే అరుగు మీద కూర్చోబెట్టి పాఠాలు పైకి చదివించేది. ఇంగ్లీషు ఆమెకు రాదు. అయినా మేం ఎక్కడ వాక్యం ఎగ్గొట్టామో కనిపెట్టేది. "నిన్న ఇంకా పొడుగ్గా ఉన్నిందే ఈ పాఠం" అనేది. మళ్ళీ మొదటి నుంచి చదవాల్సిందే. నెలకోసారి పాల డబ్బుల కోసం స్టాఫ్ రూముకు వచ్చి, డబ్బుల కంటే మార్కుల సంగతే ఎక్కువసేపు అడిగేది. ఆమె వచ్చే రోజుకు పరీక్ష పేపర్లు దిద్ది సిద్ధంగా పెట్టుకునేవాడినని మా లెక్కల మాస్టారు ఒకసారి నాతో చెప్పారు.

1990లో మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. కళాజాత బృందం వచ్చి రచ్చబండ దగ్గర డప్పు కొట్టి పాటలు పాడి, నాటకం వేసింది. చివర్లో వాళ్ళు, "జీతం లేదు, రాత్రిపూట చదువు చెప్పాలి, ఎవరొస్తారు?" అని అడిగారు. అమ్మ చెయ్యెత్తింది. పక్క నుంచి నాయన "కూర్చోవే" అన్నాడు. కూర్చుంది. చెయ్యి మాత్రం దించలేదు.

అప్పటి హెడ్మాస్టరు గారు మన పడమటి వరండా ఇచ్చారు. ఒక బల్బు, ఒక నల్లబల్ల, కరెంటు పోతే రెండు లాంతర్లు. ఇళ్ళల్లో అందరి అన్నాలూ అయ్యాక ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చేవాళ్ళు. మొదటి రోజు ఇరవై ఆరు మంది. లాంతర్ల అద్దాలు తుడిచే పని నాది కాబట్టి నాకు లెక్క బాగా గుర్తు.

అమ్మ మొదటి రోజు అక్షరాలు మొదలుపెట్టలేదు. అందర్నీ రేషన్ కార్డులు తెచ్చుకోమంది. ఎవరి పేరు ఎక్కడుందో చూపించి, దాని మీద వేలు పెట్టించింది. ఒకావిడ కార్డులో ఆమె పేరు ఉండాల్సిన చోట ఎప్పుడో చనిపోయిన అత్తగారి పేరుంది. అన్నేళ్ళూ ఆమె ఆ కార్డుతోనే బియ్యం తెచ్చుకుంది! అందరూ పడీ పడీ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. తర్వాత వారం రోజుల్లో నేర్చుకున్న సంతకంతో పేరు మార్పించుకోవడానికి అర్జీ పెట్టింది.

పొగాకు పని ఊపందుకోగానే వరండా ఖాళీ అయ్యింది. మన మెట్ట ఊళ్ళ సంగతి మీకు తెలియందేముంది? పొద్దున ఆకు కోత, సాయంత్రం దాకా కర్రలకు కట్టడం, తర్వాత బ్యారన్‌కు ఎక్కించడం. ఇంటికొచ్చే ఓపికే ఉండదు, ఇంక చదువెక్కడ? "వాళ్ళు రాకపోతే నేనే పోతా" అని అమ్మ బడిని బ్యారన్ దగ్గరికి మార్చింది. పొగాకు జిగురు అంటిన చేతులతో పుస్తకం పట్టుకుంటే పేజీ నల్లబడి పోతుంది. అందుకని పొయ్యి బూడిద నేల మీద పరిచి, పుల్లతో రాయించింది. శిక్షణ తరగతుల్లో ఈ పద్ధతి చెప్పి ఉండరనుకుంటాను.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. చెప్పవచ్చా అని అన్నయ్యను అడిగితే, "చెప్పు, ఊళ్ళో తెలియందెవరికి" అన్నాడు. మా నాయన తాగేవాడు. ఆ రోజుల్లో ప్రభుత్వ సారా ప్యాకెట్లలో వచ్చేది. పాల ప్యాకెట్టు దొరకని ఊళ్ళో కూడా సారా ప్యాకెట్టు దొరికేది. ఒక రాత్రి కూడికలు, తీసివేతలు నేర్పుతూ అమ్మ, వారం కూలి ఎంత, అందులో సారాకు పోయేదెంత అని అడిగింది. ఎవరూ నోరు మెదపలేదు. మొగుడి పరువు గదా. అప్పుడు అమ్మ సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద మా ఇంటి లెక్క వేసింది. పాల మీద వచ్చింది ఇంత, దాణాకు ఇంత, పిల్లల పుస్తకాలకు ఇంత, ప్యాకెట్లకు ఇంత. "ఇది మా ఇంటిది. ఇప్పుడు మీది చెప్పండి" అంది. నేను లాంతరు పట్టుకుని పక్కనే ఉన్నాను. ఆ రాత్రి నల్లబల్ల చాలలేదు, కింద గచ్చు మీద కూడా రాశారు.

మన కలిగిరి మండలంలోని దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు సారా అంగడి మూయించిన కథ ఆ తర్వాత చదువు పుస్తకంలోనే పాఠంగా వచ్చింది. 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే ఆ పాఠం మా వరండాలోనూ చదివారు. 1992లో ఉద్యమం జిల్లా అంతా పాకి, సారా పాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. మా ఊళ్ళో ఆడవాళ్ళు సారా అంగడి ముందు చాప వేసుకుని కూర్చున్నారు. రెండో రోజు సాయంత్రం నాయన అలవాటు ప్రకారం అటు వచ్చాడు. అందరూ అమ్మ మొహం చూశారు. అమ్మ లేచి, "పిల్లకాయలు బువ్వకి ఎదురుచూస్తా ఉండారు, ఇంటికి పదయ్యా" అంది. నాయన కాసేపు నిలబడి వెనక్కి తిరిగాడు. తర్వాత పదిహేను రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం రోజూ వంట చేసి, మా చేత పాఠాలు చదివించి, సాయంత్రానికి చాప మీదికి వెళ్ళేది. ఊళ్ళో కొందరు మా పాలు కొనడం మానేశారు. ఆ నెలలో మన టీచర్లు నలుగురు చెరో అర లీటరు ఎక్కువ పోయించుకున్నారు. వాళ్ళిళ్ళల్లో అన్ని పాలు ఏం చేసుకున్నారో నాకు తెలియదు.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలించారు. నాయన తాగుడు తగ్గింది కానీ ఆగలేదు. ఆరోగ్యం పాడయ్యాకే మానాడు. సినిమాలో లాగా మా ఇంట్లో ఏమీ జరగలేదు. చివరి రోజుల్లో ఆయనకు అన్నం తినిపిస్తూ కూడా అమ్మ తిట్టేది, ఆయన తింటూ వినేవాడు.

సారా ఉద్యమం నుంచి పొదుపు పుట్టింది. రోజుకు రూపాయి. వరండాలో సంతకం నేర్చుకున్న వాళ్ళే సభ్యులు, లెక్కలు రాసేది అమ్మ. ఏడో తరగతి తర్వాత బడి మానిపించిన ఆడపిల్లల ఇళ్ళకు జూన్ నెలలో వీళ్ళంతా గుంపుగా వెళ్ళేవాళ్ళు. పిల్లను పంపుతామని మాట ఇచ్చేదాకా గడప దిగేవాళ్ళు కాదు. అలా మళ్ళీ బడికి వచ్చిన ముగ్గురు ఇవాళ ఈ సభలో ఉన్నారు, నేను పేర్లు చెప్పను. పెద్ద పిల్లలు బడి మానడానికి మరుగుదొడ్డి లేకపోవడమూ ఒక కారణమని అమ్మకు ఒక అమ్మాయి చెప్పింది. మర్నాడే పొదుపు డబ్బులో ఐదు వందలు పట్టుకుని నలుగురు హెడ్మాస్టరు గారి గదిలో కూర్చున్నారు. "మా వంతు ఇది, మిగతాది పంచాయతీని అడుగుదాం పదండి" అన్నారు. ఆయన చెప్పులు వేసుకుని వాళ్ళతో బయల్దేరారు. ప్రహరీ పక్కనున్న ఆ పాత గది అలా వచ్చిందే.

అమ్మ పోయిన ఏడాది కాలం చేసింది. ఆమె పేరుతో గేటు దగ్గర స్వాగత తోరణం కట్టిద్దామని సంఘం అనుకుంటోందని విన్నాను. మీ అభిమానానికి రుణపడి ఉంటాం. తోరణం వద్దని మా అన్నాచెల్లెళ్ళ మనవి. అమ్మ రాసిన పొదుపు లెక్కల పుస్తకాలు పద్నాలుగు ఉన్నాయి. వాటిని బడి లైబ్రరీకి ఇస్తున్నాం. ముందు వరసలో ఉన్న పెద్దవాళ్ళకు వాటిని ఒకసారి చూడాలని ఉంది. తాము మొదటిసారి పెట్టిన సంతకాలు మనవరాళ్ళకు చూపిస్తారట. వాళ్ళకు ఆదివారమే తీరుబడి. లైబ్రరీ తాళం ఆదివారం ఎవరి దగ్గర ఉంటుందో హెడ్మాస్టరు గారు ఈ సభ ముగిసేలోగా చెబితే, వాళ్ళు వచ్చే వారమే వస్తారు.