చెట్టు పాలు: విషమా, ఔషధమా?



హిందీలో ‘శహతూత్’ అన్నా, తెలుగులో ‘కంబళి చెట్టు’ అన్నా మల్బరీయే. కాశ్మీరులోను, బెంగాలులోను, మైసూరులోను, మన హిందూపురం ప్రాంతంలోను పట్టు రైతుకు ఇదే ఆధారం. మర్రి, రావి, మేడి, పనస దీని కుటుంబంలోనివే. వీటి ఆకు తుంచిన వెంటనే తెల్లని పాలు స్రవిస్తాయి. ఆ పాలు చెట్టుకెందుకు అన్నదే నేటి మన ప్రశ్న.

శత్రువు వచ్చినప్పుడు చెట్టు పారిపోజాలదు. తనలోని రసాయనాలే దానికి రక్షణ. అస్సాములో ఆముదపు ఆకుపై పెంచే ఎరి పట్టుపురుగు జాతికి జపాను శాస్త్రజ్ఞులు మల్బరీ ఆకు పెట్టి పరీక్షించారు. 2006లో వెల్లడైన ఫలితం ఇది: ఆ ఆకు పురుగులకు విషమైనది, పాలు తొలగించిన తరువాత ఆ విషగుణం కనిపించలేదు.

ఆ పాలలో చక్కెరను పోలిన ఆల్కలాయిడ్లు ఉన్నాయి. వాటిలో ఒకటి డీఆక్సీనోజిరిమైసిన్. చక్కెరను విడగొట్టే ఎంజైము దీనిని చక్కెరయే అని భ్రమించి పట్టుకొంటుంది. దాని అసలు పని నిలిచిపోతుంది. తిన్నది వంటబట్టక పురుగు క్షీణిస్తుంది. మల్బరీ పట్టుపురుగు జీర్ణకోశంలో మాత్రం ఈ మోసానికి లొంగని వేరొక ఎంజైము ఉన్నది. అందుచేతనే ఇతర పురుగులకు విషమైనది దానికి ఆహారమైనది.

ఈ పదార్థాన్నే 1976లో జపానులో మల్బరీ వేరు బెరడు నుండి వేరుచేశారు. మానవుని ప్రేగులలోను దీని ప్రభావం అటువంటిదే. పిండిపదార్థాలు, చక్కెర నిదానంగా విడిపోవడం వలన భోజనానంతరం రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగదు. దీని అణువును కొంత మార్చి రూపొందించిన మిగ్లిటాల్ అనే మధుమేహ ఔషధానికి 1996లో అమెరికాలో అనుమతి లభించినది.

అయినను ఆకు వేరు, ఔషధం వేరు. మాత్రలో మోతాదు నిర్ణీతం. ఆకులో అది మొక్క రకాన్ని, ఋతువును, ఆకు వయస్సును బట్టి మారుతుంది. వైద్యుడిచ్చిన మందు మాని ఆకు కషాయాన్ని నమ్ముకొనడం ప్రమాదకరం. మరొక సంగతి. ఇన్సులిన్‌తోపాటు మిగ్లిటాల్ వాడేవారికి రక్తంలో చక్కెర పడిపోతే పంచదార నీళ్ళు వెంటనే ఆదుకొనవు. పంచదారను విడగొట్టే ఎంజైమునే ఆ మందు అడ్డగించి ఉంటుంది. అప్పుడు ఇవ్వవలసినది గ్లూకోజు.

ఈ కుటుంబంలోనిదే అయిన అంజూరపు పాలు చర్మానికి అంటి ఎండ తగిలితే బొబ్బలెక్కుతాయి. ప్రకృతి ప్రసాదించినదంతా నిరపాయమని భావించరాదు. తినే ప్రాణి ఏది, మోతాదు ఎంత అన్నవే విషాన్ని, ఔషధాన్ని నిర్ణయిస్తాయి. ఇంటికి వెళ్ళి మీ పెద్దలకు గ్లూకోజు సంగతి తప్పక చెప్పండి. అది ఒక ప్రాణాన్ని నిలుపవచ్చును.