కోళ్లు చస్తుంటే దాచకండి



2025 మార్చిలో మన కట్టంగూర్‌కు దగ్గర్లోనే, చిట్యాల మండలం గుండ్రాంపల్లిలోని ఒక కోళ్ల ఫారంలో బర్డ్ ఫ్లూ బయటపడింది. రోగం పాకకుండా వేల కోళ్లను చంపి పూడ్చిపెట్టాల్సి వచ్చింది. పెంచినవాళ్లకు అదెంత కడుపుకోతో మీకు చెప్పనక్కర్లేదు.

బర్డ్ ఫ్లూ తెచ్చే హెచ్5ఎన్1 వైరస్‌ను అడవి బాతులు, వలస పక్షులు మోసుకొస్తాయి. వాటిలో చాలావాటికి జబ్బు లక్షణాలే కనబడవు. వాటి రెట్ట చెరువు నీళ్లలో కలుస్తుంది, అక్కడ తిరిగిన పెరటికోడికి అంటుతుంది. ఫారాల్లోకి మాత్రం చెప్పుల మట్టితో, గుడ్ల ట్రేలతో, దాణా బండి చక్రాలతో మనమే తీసుకుపోతాం.

మనుషులకు సోకడం అరుదు. సోకితే ప్రాణం మీదికొస్తుంది. అదే మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన ఒక పసిపాప ఈ వైరస్‌తో కన్నుమూసింది.

బాగా ఉడికిన కూరకు, గుడ్డుకు భయపడొద్దు. 70 డిగ్రీల వేడికి వైరస్ చస్తుంది. పచ్చిమాంసం మాత్రం పిల్లలకు అందనీయకండి. కోసినాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

కోళ్లు ఒక్కసారిగా చస్తుంటే కొక్కెర తెగులేలే అనుకోకండి. చచ్చినవాటిని వట్టి చేతులతో ముట్టకండి, వాగులో పారేయకండి. వెంటనే పశువైద్యుడికి చెప్పండి. మీరు చెప్పే ఒక్క మాట ఊరంతటినీ కాపాడుతుంది.