విద్యార్థులపై అక్రమప్రవేశపు కేసులు
(వనపర్తి పఠనమందిరమున ఒక న్యాయవాది గావించిన ఉపన్యాసము)



విద్యార్థి తన కళాశాలలో అడుగిడుట నేరమగునా? వినుటకు ఈ ప్రశ్న పరిహాసముగా తోచును. కాని ఫీజు బకాయిలు విడుదల కాలేదనియో, వసతిగృహమున అన్నము బాగులేదనియో కార్యాలయము ముందు బైఠాయించిన పిల్లవానికి మఱునాడు పోలీసు నోటీసు వచ్చినపుడు, కూలికై పూనాకో బొంబాయికో పోయి కొడుకును చదివించుచున్న తండ్రికి అది పరిహాసము గాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు పట్టణములందును అట్టి తండ్రులున్నారు. వారికై నాలుగు మాటలు చెప్పవలెనని వచ్చితిని.

నోరు మూయించు ఉత్తర్వులు మన సీమకు క్రొత్తవి గావు. 1929లో నిజాము ప్రభుత్వము గస్తీ నిషాన్ 53 జారీచేసి, అనుమతి లేనిదే సభలు జరుపరాదని శాసించెను. ఈ నడిగడ్డ బిడ్డయు, న్యాయశాస్త్ర పట్టభద్రుడును నగు సురవరము ప్రతాపరెడ్డిగారు తమ గోలకొండ పత్రికలో దానిని నిరసించిరి. 1952లో ఈ వనపర్తివారే ఆయనను శాసనసభకు పంపిరి. 1938లో వసతిగృహములలో వందేమాతర గీతము పాడిరని ఉస్మానియా విద్యార్థులను వెడలగొట్టగా, నాగపూరు విశ్వవిద్యాలయము వారికి తలుపు తెఱచెను. పి. వి. నరసింహారావుగారు అట్లు పోయి చదువుకొన్నవారే. నాటి శిక్ష కఠినమే. కాని ఎల్ల దాటినచో అది వెంటరాలేదు. నేటి క్రిమినల్ కేసు అట్టిది గాదు. ఏ ఊరు పోయినను, ఏ ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టినను వెంటవచ్చును.

2024 మే నెలలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున ఉపకులపతి నివాసముకడ ఆందోళన చేసిరని విద్యార్థులపై అక్రమప్రవేశపు ఆరోపణ వచ్చెను. ఐదుగురిని ఒక సెమిస్టరు పాటు సస్పెండు చేసిరి. 2025 మార్చిలో ఉస్మానియా విశ్వవిద్యాలయము ధర్నాలను, నినాదములను నిషేధించుచు వెలువరించిన సర్క్యులరులోను ఈ అక్రమప్రవేశపు మాటయే కనబడినది. అనగా ఈ మాట నేడు విద్యాధికారులకు అలవాటైనది.

ఇక చట్టమేమనుచున్నదో చూతము. 1860 నాటి శిక్షాస్మృతిలోని 441వ సెక్షను, 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 329వ సెక్షనైనది, నిర్వచనము మాఱలేదు. పరుని స్వాధీనమందున్న స్థలమున కాలిడినంతమాత్రాన నేరము గాదు. నేరము చేయవలెననియో, స్వాధీనదారుని బెదరింపవలెననియో, అవమానింపవలెననియో, విసిగింపవలెననియో ఉద్దేశముండవలెను. మథ్రీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టపఱచినది: తన రాకవలన ఎదుటివానికి చికాకు కలుగునని తెలిసియుండుట చాలదు, చికాకు కలిగించుటయే రాకకు ప్రయోజనమై యుండవలెను. వినతిపత్రము చేతబట్టుకొని వచ్చినవాని ప్రయోజనము వినతిపత్రమే గదా! అందుచే ఆ పత్రపు నకలును, దానిపై కార్యాలయపు ముద్రయు మనకు మొదటి సాక్ష్యములు.

స్థలము సంగతియు ఆలోచింపదగినది. గద్వాలలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ ప్రభుత్వ డిగ్రీ కళాశాల కోటలోపలనే యున్నది. చెన్నకేశవస్వామి ఆలయమును అందే యున్నది. దేవుని దర్శించువాడును, పాఠము వినువాడును కోటలోనికి పోవలసినవారే. ఈ వనపర్తిలో 1959లో పాలిటెక్నిక్ వెలసినది సంస్థానాధీశుల రాజభవనమున. ఒకనాడు సామాన్యుడు గడప త్రొక్కుటకు జంకిన మేడలో నేడు కూలివాని కొడుకు హక్కుతో కూర్చున్నాడు. అట్టివానిని అక్రమముగా ప్రవేశించినవాడనుటకు ముందు పోలీసువారు రెండుమార్లు ఆలోచింపవలెను.

అయినను విద్యార్థులను ముఖస్తుతి చేయుటకు నేను రాలేదు. సక్రమముగా లోనికి వచ్చినవాడైనను, అదే దురుద్దేశముతో అక్రమముగా అక్కడనే నిలిచియుండుటయు నేరమే యని ఆ సెక్షనే చెప్పుచున్నది. పరుల స్థలమున సభ జరుపుటకు ప్రాథమిక హక్కు లేదని 1969లో రైల్వే బోర్డు కేసున సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. "కళాశాల మాది, మమ్ము పొమ్మనుట కెవరు" అను వాదము బోనులో నిలువదు. పొమ్మన్నదెవరు, ఏ గంటకు, వ్రాతమూలముగానా నోటిమాటగానా, సస్పెన్షను ఉత్తర్వు అంతకుముందే చేతికందెనా - వకీలు శోధింపవలసినవి ఇవి. ద్వారముకడ కెమెరా యున్నచో ఆ చిత్రము చెఱిగిపోకముందే కోరవలెను.

ఈ నేరమునకు శిక్ష మూడు నెలల వఱకు ఖైదు, లేదా ఐదువేల రూపాయల వఱకు జరిమానా, లేదా రెండును. ఇంటిలోనో భవనమునందో ప్రవేశించినచో ఏడాది వఱకు. రెండును జామీను దొరకు నేరములే. కాని ఎఫ్.ఐ.ఆర్. ను తుదివఱకు చదువుడు. ప్రభుత్వోద్యోగిపై బలప్రయోగము చేసిరని 132వ సెక్షను చేర్చినచో పిల్లవాడు జామీనుకై మెజిస్ట్రేటు దయకు లోబడవలసివచ్చును. తోపులాటలో ఎవడు ఏమి చేసెనో వ్రాయక, ముప్పదిమంది పేర్లు ఒక్క గొలుసున గ్రుచ్చిన ఫిర్యాదులో మనము పట్టుకొనవలసినది ఆ చేర్పునే.

అన్నిటికంటె నాకు భయము గొలుపునది వేఱొకటి. లోక్ అదాలతు నాడు "ఒప్పుకొని జరిమానా కట్టి పొమ్ము, సాయంత్రము బస్సుకు ఇంటికి చేరుదువు" అని సలహా ఇచ్చువారున్నారు. సలహా చౌక, ఫలము ఖరీదు. ఒప్పుకొన్నచో అది నేరనిర్ధారణ. రేపు కానిస్టేబులు ఉద్యోగమునకో గ్రూపు పరీక్షకో ఎంపికైనపుడు విచారణ ఫారములో వ్రాయవలసిన మరక. 2016లో అవతార్ సింగ్ కేసున సుప్రీంకోర్టు, పడుచువయసున నినాదములు చేయుటవంటి స్వల్ప విషయములను దాచినను యజమాని తన విచక్షణతో మన్నింపవచ్చునని చెప్పినది. మన్నింపవచ్చునన్నది గాని మన్నింపవలెననలేదు! ఆ విచక్షణను నమ్మి పిల్లవాని బ్రతుకును తాకట్టుపెట్టరాదు.

రాజీ వేఱు, ఒప్పుకోలు వేఱు. అక్రమప్రవేశము స్థలపు స్వాధీనదారుతో రాజీపడదగిన నేరము. రాజీ కుదిరినచో నిర్దోషిగా విడుదలైనట్లే. ప్రిన్సిపాలుగారు ఒక సంతకము పెట్టిన కుదురునట్టిదానికి పిల్లవానిచే తప్పు ఒప్పించుట ఏల? రాజీ కుదరనిచో వాయిదాలకు వెఱవక పోరాడుదము. ఈ సెక్షను ఒక్కటే యున్న కేసులో ఏడాది గడచిన పిమ్మట మెజిస్ట్రేటు విచారణకు స్వీకరింపరాదను గడువు నియమమును గుర్తుంచుకొనుడు.

కేసులు ఎత్తివేసితిమన్న ప్రకటన వినగానే నిద్రపోవలదు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి భూముల ఆందోళనలోని విద్యార్థులపై కేసులు ఉపసంహరింపుడని ఉపముఖ్యమంత్రి భట్టి విక్రమార్కగారు అధికారులకు చెప్పిరి. మంచిదే. కాని ఉపసంహరణకు పబ్లిక్ ప్రాసిక్యూటరు దరఖాస్తును, న్యాయస్థానపు సమ్మతియు ఉండవలెను. ఆ ఉత్తర్వు నకలు చేతికి వచ్చువఱకు కేసు సజీవమే.

మూడు పట్టణముల న్యాయవాద సోదరులను నేను కోరునది స్వల్పము. విద్యార్థుల వాయిదా ఉన్ననాడు ఒకరు రుసుము లేకుండ నిలువుడు. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగల వారికి, నిర్బంధములో ఉన్నవారికి 1987 నాటి చట్టము ఉచిత న్యాయసహాయమును హక్కుగా ఇచ్చినది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ వ్రాసిపెట్టుట మన పని. పిల్లల తల్లిదండ్రులారా, వకీలుకడకు వచ్చునపుడు గుర్తింపుకార్డు, ఫీజు రసీదు, ఎఫ్.ఐ.ఆర్. నకలు తెండు. పదవ తరగతి సర్టిఫికెట్టు మఱువకుడు. ఇంటర్మీడియటు చదువు పిల్లలలో పదునెనిమిది నిండనివారు పెక్కుమంది. వారిని లాకప్పులో నుంచరాదు, వారి విచారణ బాలల న్యాయమండలి యెదుట జరుగవలెను.