వానకు ఒక కప్పు, పనులు నాలుగు

(తిరువూరులో ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువతతో జరిగిన సభలో ఒక గిరిజన వసతి గృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

ఆగస్టు 9న మనం ఎందుకు కలుస్తున్నామో ఒక్క మాటలో చెప్పి అసలు విషయంలోకి వస్తాను. 1982లో ఇదే రోజున ఆదివాసీ ప్రజల కోసం ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన కార్యబృందం మొదటిసారి సమావేశమైంది. ఆ గుర్తుగా 1994లో ఈ తేదీని ప్రపంచ ఆదివాసీ దినంగా ప్రకటించారు. హక్కుల గురించి, భాష గురించి నాకంటే బాగా మాట్లాడేవాళ్ళు ఈ వేదిక మీద ఉన్నారు. నాకు ఇచ్చిన అంశం యువత, సాహస క్రీడలు. అందులో నేను ఒకే ఒక్క వస్తువు గురించి మాట్లాడతాను. అది వాన కప్పు.

నవ్వకండి. మన పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల అనే ఊరి నుంచి వచ్చి, గురుకులంలో చదువుకుంటూ, భువనగిరి గుట్ట మీద రాయి ఎక్కడం నేర్చుకున్న అమ్మాయి. ఆమె తరవాత మన ఇళ్ళల్లో చాలామంది ఆడపిల్లలు 'మేడమ్, నేనూ ట్రెక్కింగ్‌కి వెళ్తాను' అంటున్నారు. కానీ క్యాంపుకు పేర్లు ఇచ్చే రోజున వెనక్కి తగ్గుతున్నారు. కారణం అడిగితే, భయం అని ఎవరూ అనరు. 'వాన పడితే ఎక్కడ ఉంటాం? తడి బట్టలు ఎక్కడ మార్చుకుంటాం? మా అమ్మ ఒప్పుకోదు' అంటారు. ఆ అమ్మ అడిగే ప్రశ్న సరైనదే. దానికి మన దగ్గర సమాధానం ఉండాలి. అందుకే ఈ వానాకాలం మొదట్లో మా హాస్టల్ ఆవరణలో పిల్లలం, నేను కలిసి రకరకాల వాన కప్పులను పరీక్షకు పెట్టాం. ఆ సంగతులు మీకు చెబుతాను.

దానికి ముందు ఒక మాట. వీపు మీద బరువు, నెత్తి మీద వాన మనకు కొత్త కాదు. రైళ్ళు రాకముందు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగింది మన బంజారా పూర్వీకులే. పదిహేడో శతాబ్దంలో మన దేశానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, పదివేల ఎద్దులకు మించిన బిడారులు దారిలో ఎదురయ్యేవని రాశాడు. అన్ని బస్తాలను అన్ని వానల్లో తడవకుండా చేర్చినవాళ్ళకు కప్పు విలువ తెలియకుండా ఉంటుందా? గొర్రెల కాపరులకు గొంగడి ఉంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా ఒంటికి చల్లగా తగలదు. తాటాకులు అల్లి నెత్తి మీద నుంచి వీపు దాకా కప్పుకునేదానికి గిడుగు అని పాత పేరు. సవర భాషను నేర్చుకుని, ఆ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించిన గిడుగు రామమూర్తి గారి ఇంటిపేరు కూడా అదే మాట. ఇక గోనెసంచి ఒక మూలను లోపలికి నొక్కి, కొప్పులా నెత్తిన వేసుకుని నాట్లకు వెళ్ళని ఇల్లు మన వైపు ఏది? ఈ కప్పులన్నిటిలో ఒక తెలివి ఉంది. ఒకే వస్తువు వానకు కప్పు, రాత్రికి పక్క, దారిలో మూట. ఇవాళ ట్రెక్కింగ్ దుకాణాల్లో 'మల్టీ యూజ్' అని అమ్మేది అదే తెలివిని.

మేం పరీక్షకు పెట్టినవి ఐదు. యూరియా సంచి, నల్ల పాలిథిన్ షీటు, కల్లంలో ధాన్యం మీద కప్పే బరకం, పాంచో అనే రెయిన్‌కోటు, తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన సిలికాన్ పూత నైలాన్ టార్ప్. పాంచో అంటే మధ్యలో తల దూర్చుకునే టోపీ ఉన్న దుప్పటి లాంటిది. ఒంటినీ బ్యాగునూ కలిపి కప్పుతుంది.

మొదటి పరీక్ష బరువు. బరకం మీద జీఎస్ఎం అని రాసి ఉంటుంది. ఒక చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో అది చెబుతుంది. 200 జీఎస్ఎం బరకం మూడు మీటర్లకు మూడు మీటర్లు తీసుకుంటే తొమ్మిది చదరపు మీటర్లు, అంటే 1,800 గ్రాములు. అదే కొలత 100 జీఎస్ఎంలో 900 గ్రాములు. సిలికాన్ పూత నైలాన్ చదరపు మీటరుకు 45 నుంచి 50 గ్రాములు ఉంటుంది కాబట్టి అర కిలో లోపే. వీపు మీది బరువు మన ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదని ట్రెక్కింగ్ నేర్పేవాళ్ళు చెబుతారు. 45 కిలోల అమ్మాయికి అది తొమ్మిది కిలోలు. అందులో ఐదో వంతు బరకమే తినేస్తే నీళ్ళు, తిండి ఎక్కడ పెట్టుకుంటుంది? అందుకే షాపులో గట్టిగా ఉందా అని ఒక్కటే అడగకండి. జీఎస్ఎం ఎంత అని అడిగి, అక్కడే గుణించుకోండి.

రెండో పరీక్ష నీళ్ళు. బకెట్ మూతి మీద గుడ్డ కట్టి, లోపల పాత న్యూస్‌పేపర్ వేసి, పైన నీళ్ళు పోసి అరగంట ఉంచాలి. పేపర్ తడిస్తే గుడ్డ ఓడింది. దుకాణాల్లో ఈ లెక్కను మిల్లీమీటర్లలో చెబుతారు. గుడ్డ మీద ఎంత ఎత్తు నీటి స్తంభం నిలబెడితే కారడం మొదలవుతుందో ఆ ఎత్తు అది. గుడారాలకు 1,500 మిల్లీమీటర్లను సాధారణంగా కనీసంగా చూస్తారు. అయితే అదే గుడ్డను తడి నేల మీద పరిచి మోకాలు ఆనిస్తే ఒత్తిడి చాలా ఎక్కువ పడుతుంది. పైన కారని గుడ్డ కింద పరిస్తే చెమ్మ ఎక్కవచ్చు. మా పరీక్షలో యూరియా సంచి లోపలి పాలిథిన్ పొర తీసేస్తే నేత సందుల్లోంచి నీళ్ళు దిగాయి. పొర ఉంటే దిగలేదు. ఇంకో మాట. ఎరువుల సంచిని బాగా కడిగే వాడాలి. పురుగుమందు సంచులు, డబ్బాల అట్టలు మాత్రం దేనికీ వాడకండి.

మూడో పరీక్ష చెమట. పాంచో వేసుకుని, బ్యాగు తగిలించుకుని పిల్లలు ఆవరణ చుట్టూ అరగంట నడిచారు. వాన లోపలికి రాలేదు కానీ చొక్కాలు తడిశాయి. ఆ తడి మన చెమటదే. గాలి ఆడని గుడ్డ ఏదైనా ఇంతే. నడిచేటప్పుడు పక్కల గుండీలు తీసి ఉంచితే కాస్త నయం. నైలాన్‌కు ఇంకో గుణం ఉంది. తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగించి కట్టిన టార్ప్ రాత్రికి వేలాడుతుంది. పడుకునే ముందు మళ్ళీ ఒకసారి తాళ్ళు లాగి కట్టాలి. పాలిస్టర్ అంతగా సాగదు.

నాలుగోది నాకు బాగా నచ్చిన పరీక్ష. లైట్లు ఆర్పేసి, ఇద్దరు కలిసి కప్పు కట్టాలి. గుడ్డ ఎంత ఖరీదైనదైనా ముడి రాకపోతే ఉపయోగం లేదని అందరికీ అర్థమైంది. నల్ల షీటుకు కన్నాలు ఉండవు కదా, తాడు ఎక్కడ కట్టాలి? కన్నం పొడిస్తే గాలికి అక్కడి నుంచే చిరుగుతుంది. మూలలో ఒక నున్నటి గులకరాయి పెట్టి, షీటును దాని చుట్టూ ముడిచి, మెడ దగ్గర తాడు బిగించాలి. అంత సులువుగా చిరగదు. ఈ సంగతి మాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. రైతు ఇంటి నుంచి వచ్చిన ఒక పిల్ల చేసి చూపించింది.

కప్పును ఎప్పుడూ వాలుగా కట్టండి. ఒక మిల్లీమీటరు వాన ఒక చదరపు మీటరు మీద పడితే ఒక లీటరు నీళ్ళు. వాతావరణ శాఖ భారీ వర్షం అనేది రోజుకు 64.5 మిల్లీమీటర్ల నుంచి మొదలవుతుంది. తొమ్మిది చదరపు మీటర్ల కప్పు మీద అది 580 లీటర్లు. గుడ్డ మధ్యలో గుంట పడితే ఆ నీళ్ళన్నీ అక్కడే చేరి తాళ్ళు తెంపుతాయి. వాలుగా కట్టి కింద బిందె పెడితే అవే నీళ్ళు గిన్నెలు కడగడానికి పనికొస్తాయి. కాచి వడగట్టుకుంటే తాగడానికీ సాయపడతాయి.

ఇప్పుడు ఊయల సంగతి. చెట్ల మధ్య కట్టుకుని పడుకునే హ్యామాక్ మీకు ఫోన్లలో కనిపిస్తుంది. మిర్చి చేలో వేపచెట్టుకు చీర కట్టి పసిబిడ్డను పడుకోబెట్టిన ప్రతి అమ్మకూ అది తెలిసిన వస్తువే. లెక్క మాత్రం తెలుసుకోవాలి. ఊయల తాడు అడ్డంగా బిగుతుగా కట్టకూడదు. తాడు నేలకు సమాంతర గీతతో 30 డిగ్రీల వాలులో ఉంటే, 60 కిలోల మనిషికి ఒక్కో తాడు మీద 60 కిలోల లాగుడే పడుతుంది. 10 డిగ్రీలకు బిగిస్తే అదే మనిషికి ఒక్కో తాడు మీద 170 కిలోలు దాటుతుంది. పదో తరగతి త్రికోణమితి ఇక్కడ పనికొచ్చింది. తాడు, చెట్టు, నడుము మూడూ మిగులుతాయి. చెట్టు బెరడు కోసుకుపోకుండా సన్న తాడు కాకుండా వెడల్పు పట్టీ వేయండి.

ఊయల మీద కట్టే కప్పు ఊయల కంటే రెండు వైపులా పొడుగ్గా ఉండాలి. అయినా ఒక దొంగదారి ఉంటుంది. చెట్టు మీద పడిన నీరు ఊయల తాడు వెంట జారుతూ నేరుగా పక్కలోకి వస్తుంది. దానికి మందు చిన్నది. కప్పు నీడలోనే, తాడు మీద ఒక జానెడు నూలు దారం ముడేసి కిందికి వేలాడదీయండి. నీరు ఆ దారం పట్టుకుని నేల మీదికి జారిపోతుంది. చేలో కట్టే పసిబిడ్డ ఊయలకు కూడా ఇదే చేయండి. కానీ ఒకటి గట్టిగా గుర్తుంచుకోండి. బిడ్డ ఊయల మీద పాలిథిన్ షీటు నేరుగా కప్పకూడదు. ఊపిరి ఆడదు, ఎండకు లోపల ఉడికిపోతుంది. మూరెడు పైన, గాలి ఆడేలా కట్టాలి.

ప్రమాదాలు ఇంకా మూడున్నాయి. మొదటిది పిడుగు. ఉరుము వినిపిస్తే చెట్టు కిందా, చెట్టుకు కట్టిన ఊయలలోనూ ఉండకూడదు. ఏ కప్పూ పిడుగును ఆపదు. పక్కా ఇంట్లోకో, తలుపులు వేసిన బస్సులోకో వెళ్ళాలి. పిడుగు హెచ్చరికలు ఇచ్చే దామిని యాప్ పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసింది. ఉచితమే, ఫోన్లో పెట్టుకోండి. రెండోది మంట. చుట్టూ మూసిన కప్పు కింద పొయ్యి పెట్టకండి. గుడ్డ అంటుకోవడం ఒకటి, పొగలోని విషవాయువు ఇంకొకటి. మూడోది వాగు. వాన కప్పు ఉంది కదా అని పారే నీళ్ళు దాటకండి. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 వానలకు బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలు ఎలా మునిగాయో చూశాం. మన కట్టలేరు సంగతి మీకు నేను చెప్పాలా? కప్పు మనల్ని ఆగనివ్వడానికి, వాన తగ్గేదాకా ఒడ్డున కూర్చోనివ్వడానికి.

మరి ఐదింటిలో ఏది గెలిచింది అని అడుగుతారు. అన్నిటికీ ఒకటే గెలవలేదు. రోజూ బడికి, కాలేజీకి నడిచేవాళ్ళకు పాంచో మేలు. మిర్చి కోతలకు వెళ్ళే కుటుంబానికి 200 జీఎస్ఎం బరకం మేలు. అది ఆటోలో వెళ్తుంది, ఎండకు, రాపిడికి ఎక్కువ కాలం నిలుస్తుంది. కొండ ఎక్కేవాళ్ళకు ఇద్దరికి కలిపి ఒక తేలిక టార్ప్ మేలు. సిలికాన్ నైలాన్ కొనలేకపోతే 100 జీఎస్ఎం బరకం చాలు. మన సంఘం తరఫున అలాంటివి నాలుగు కొని ఉంచితే, క్యాంపుకు వెళ్ళేవాళ్ళు తీసుకెళ్ళి ఆరబెట్టి తిరిగి ఇస్తారు. తడిగా మడిచి పెడితే బూజు పట్టి పూత లేస్తుంది. ఈ మాట పెద్దలు ఆలోచించాలని కోరుతున్నాను.

బ్యాగుకు పైన తొడిగే కవర్‌ను మాత్రం నమ్మకండి. మన వీపుకూ బ్యాగుకూ మధ్య జారే నీరు దానికి అడ్డం పడదు. బ్యాగు లోపల ఒక మందపాటి పాలిథిన్ సంచి పెట్టి, అందులో బట్టలు, పుస్తకాలు పెట్టి మూతి మెలితిప్పి మడవండి. ఆధార్, మార్కుల లిస్టు, కుల ధృవీకరణ పత్రం ఇంకో చిన్న సంచిలో వేరుగా పెట్టండి. ఆ కాగితం తడిసి ముద్దయితే అడ్మిషన్ రోజున ఏం జరుగుతుందో మన పిల్లలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఇక ఆడపిల్లల మాట. రెండు చెట్ల మధ్య తాడు కట్టి టార్ప్ నిలువుగా వేలాడదీస్తే బట్టలు మార్చుకునే గది తయారు. నెలసరి రోజుల్లో ఆ చాటు లేకపోవడం వల్లే చాలామంది క్యాంపు మానేస్తారు. కూలికి వెళ్ళే మన అక్కలకూ చేలో అదే ఇబ్బంది. పడుకునే కప్పు, కూర్చునే పట్టా, నీళ్ళు పట్టే వాలు, బట్టలు మార్చుకునే చాటు, ఈ నాలుగు పనులూ ఒక్క గుడ్డ చేస్తుంది. తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే. మీ అమ్మాయిని పంపనని అనే ముందు, దానికి ఈ కప్పు కట్టడం వచ్చా అని అడగండి. వస్తే ధైర్యంగా పంపండి.

వానలు తగ్గాక కొండపల్లి కొండల్లో ఒక పగలు నడకకు పేర్లు రాసుకుంటున్నాం. అడవిలో రాత్రి ఉండాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి కాబట్టి రాత్రి మకాం మా హాస్టల్ ఆవరణలోనే. రావాలనుకునేవాళ్ళు ఒక పాత షీటు, నాలుగు గులకరాళ్ళు, పది మీటర్ల తాడు తెచ్చుకోండి. చీకట్లో కట్టి చూపించినవాళ్ళకే ముందు వరసలో చోటు.