దోషం ఒకచోట, మొర ఇంకొకచోట
(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



పండుగపూట కంప్యూటరు వ్యాకరణమేమిటని పెద్దలు విసుగుకొనవద్దు. మన సంఘపు ఆదివారపు తరగతికి ఉత్సాహంతో వచ్చి, రెండు వారాలకే మానుకొనే పిల్లలున్నారు. వారిని తరిమేది కష్టమైన లెక్క కాదు. యంత్రం తప్పు అన్నచోట తమకు తప్పేమీ కనబడకపోవడం. ఆ ఒక్క సంగతే మనవి చేస్తాను.

రూబీ అనే భాషను జపాను దేశస్థుడు యుకిహిరో మత్సుమోతో 1995లో విడుదల చేశాడు. అందులో కొన్ని పనులను ఒక పేరు క్రింద చేర్చి ఉంచే పెట్టెవంటిది మాడ్యూలు. దాని పేరు పెద్దబడి అక్షరంతో మొదలుకావాలి. మన లిపిలో పెద్దబడి, చిన్నబడి లేవు గదా! డెఫ్ తరువాత ‘పలకరింపు’ అని తెలుగులో వ్రాసినా రూబీ ఒప్పుకొంటుంది. మాడ్యూల్ తరువాత అదే మాట వ్రాస్తే ఒప్పుకోదు. పిల్లలు బడిలో నేర్చే కన్నడానికీ అదే గతి. అయితే ఈ దోషాన్ని యంత్రం ఆ పంక్తిలోనే చూపుతుంది గనుక చిక్కులేదు.

చిక్కంతా ఎండ్ అనే మాటతో. మాడ్యూల్, డెఫ్, ఇఫ్, వీటిలో తెరచిన ప్రతిదానికీ ఒక ఎండ్ ఉండాలి. ‘అన్నం తిని, చేయి కడుగుకొని’ అని ఎవరైనా ఆగితే మనం సమాపక క్రియకోసం ఎదురుచూస్తాము. లోపం తెలిసేది మాట ఆగినప్పుడే. యంత్రమూ అంతే. మూడవ పంక్తిలోని ఇఫ్‌కు ఎండ్ మరచితే, కడపటి పంక్తిదాకా ఓపికపట్టి అక్కడ మొరపెట్టుకొంటుంది.

పిల్లవాడు అడుగున ఒక ఎండ్ తగిలిస్తాడు. యంత్రం ఊరుకొంటుంది. నా పోరంతా ఇక్కడే! ఎండ్ తనకు దగ్గరగా తెరచి ఉన్నదాన్నే మూస్తుంది. మొదటి డెఫ్‌కని వ్రాసినది లోపలి ఇఫ్‌ను మూసింది. డెఫ్ తెరచే ఉన్నది. రెండవ డెఫ్ దాని కడుపులో పడింది. మొదటిదాన్ని ఒకసారి పిలిచేవరకు రెండవది పుట్టనే పుట్టదు. వ్యాకరణం శుద్ధం, అర్థం మాత్రం చెడింది!

అందుచేత తెరచినప్పుడే ఎండ్ కూడా వ్రాసి, తరువాత నడుమ నింపండి. లోపలి పంక్తులను రెండేసి ఖాళీలు జరపండి. రూబీ అనే ఆజ్ఞ ప్రక్కన అడ్డగీత, సి చేరిస్తే, పని నడపకుండా వ్యాకరణం మాత్రమే చూస్తుంది. డబ్ల్యూ కూడా చేరిస్తే, పొందిక తప్పిన ఎండ్ ఏ పంక్తిలోని ఇఫ్‌కు తగులుకొన్నదో హెచ్చరిస్తుంది. 2022లో వచ్చిన 3.2 కూర్పు మొదలు అనుమానపు పంక్తులను ఏరి చూపే సదుపాయమూ ఉన్నది. అదీ ఖాళీల పొందికను నమ్ముకొన్నదే.

ఇంతా చేసి, మాడ్యూలును న్యూ అని ఆజ్ఞాపిస్తే మళ్లీ తిరగబడుతుంది. అది వ్యాకరణ దోషం కాదు, క్లాసుకూ మాడ్యూలుకూ గల భేదం. దానిని వచ్చే ఆదివారపు తరగతిలో చూద్దాము. సెలవు.