పొగాకు – రక్తములోని చక్కెర లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ప్రబంధములను గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ప్రబంధములు రేపును ఉండును. పొగాకు వాడువారి రక్తములో చక్కెర ఎట్లు పెరుగునో చెప్పుట నేడే అవసరమని తోచి, వారి యనుమతితో విషయమును మార్చుకొంటిని. నేను వైద్యుడను గాను, గ్రామలెక్కలు వ్రాయువాడను. కావున వైద్యులు తేల్చినదానినే జమాఖర్చు రీతిని విన్నవింతును.

మధుమేహము మన పూర్వులకు తెలియని వ్యాధి గాదు. మూత్రము తేనెవలె నగుటయు, దానికి చీమలు చేరుటయు చరక సుశ్రుత సంహితలలో చెప్పబడినవి. పొగాకును మాత్రము వారెఱుగరు. చరకుడు చెప్పిన ధూమపానము ఔషధద్రవ్యముల పొగయే. పొగాకు అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసు వర్తకుల మూలమున మన దేశమునకు వచ్చినది. 1617లో జహంగీరు పాదుషా దానిని నిషేధించెను. ఆజ్ఞ మఱుగుపడినది, అలవాటు నిలిచినది. కావున చుట్టకు శాస్త్రప్రమాణము చూపువారి మాట చెల్లదు.

పొగాకులో మనుష్యుని పట్టి నిలుపు సారము నికోటిన్. 1828లో హైడెల్‌బర్గు నగరమున ఇరువురు శాస్త్రజ్ఞులు దానిని వేఱుచేసిరి. అది చేయు పని తెలియవలెనన్న ముందు దేహపు లెక్క తెలియవలెను. మనము తిన్న అన్నము చక్కెరయై రక్తమునకు జమపడును. క్లోమమున పుట్టు ఇన్సులిన్ ఆ చక్కెరను కండలకు చేర్చి ఖర్చు వ్రాయించును. కొంత భాగమును కాలేయమను పాతరలో దాచించును.

నికోటిన్ ఈ లెక్కను రెండువైపుల చెఱచును. మూత్రపిండములపై నున్న గ్రంథులను రెచ్చగొట్టి అడ్రినలిన్ అను రసమును వెలువరింపజేయును. పామును చూచి ఉలికిపడినప్పుడు మనలో పొంగునది ఆ రసమే. దానితో కాలేయము పాతర తెఱచి చక్కెరను రక్తములోనికి వదలును. అన్నము తినకయే జమ పెరిగినది! ఇది యొకవైపు. రెండవవైపు, కండలు ఇన్సులిన్ మాట వినుట తగ్గును, ఖర్చు సన్నగిల్లును. జమ హెచ్చి ఖర్చు తగ్గిన నిలువ యేమగునో మీకు చెప్పనక్కఱలేదు. ఇంట ధనము నిలువయుండుట మేలు. రక్తమున చక్కెర నిలువయుండుట కన్నులకును, మూత్రపిండములకును, పాదములకును చేటు.

ఇది ఊహ గాదు. ధూమపానము మధుమేహమునకు ఒక కారణమనియు, పొగత్రాగనివారికంటె త్రాగువారికి ఆ వ్యాధి వచ్చు అవకాశము నూటికి 30 నుండి 40 వంతులు అధికమనియు అమెరికా ప్రభుత్వపు సర్జన్ జనరల్ నివేదిక 2014లో ప్రకటించినది. మన దేశమున మధుమేహులు పదికోట్లకు పైబడిరని భారత వైద్య పరిశోధనా మండలి వారి గణన 2023లో తెలిపినది.

“నేను పొగ త్రాగను, నశ్యమే పీల్తును” అని పండితులు కొందఱు, “తాంబూలములో చిటికెడు జర్దాయే” అని గృహిణులు కొందఱు అందురు. నికోటిన్‌కు పొగతో పనిలేదు. పచ్చియాకు కోయు కూలీలకు తల తిరిగి వాంతులగుట ఈ ప్రాంతమువారికి ఎఱుకయే. చర్మముగుండ ఒంటికెక్కునది నోటిలోను, ముక్కులోను ఊరకుండునా? స్వీడన్ దేశమున పెదవిక్రింద నుంచుకొను తడినశ్యమును వారమునకు ఐదు డబ్బీలు, అంతకు మించి వాడువారిలో మధుమేహము అధికముగ కనబడినదని 2017లో ప్రకటించిరి.

“చుట్ట కాల్చిన ఆకలి చచ్చును, తిండి తగ్గిన చక్కెర తగ్గును గదా” అను మాట మన అరుగులపై తఱచుగ వినబడును. తిండి తగ్గినను పాతరలోని చక్కెర వెలికివచ్చుచునే యుండును. అంతియగాక నికోటిన్ సన్నని రక్తనాళములను బిగించును. చక్కెర వ్యాధి పాదములకు స్పర్శ పోగొట్టును. ఈ రెండును కలసినచోట చిన్న ముల్లు గ్రుచ్చుకొన్నను పుండు మానదు. మన యూరి పెద్ద యొకరు ఇట్లే కాలివ్రేళ్లు రెండు పోగొట్టుకొనిరి.

మానినవారికి మేలు కలదు. మానినచో మధుమేహము వచ్చు అవకాశము నూటికి 30 నుండి 40 వంతులు తగ్గునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపినది. మొదట కొందఱికి బరువు పెరుగును. చక్కెరయు కొంత హెచ్చవచ్చును. అందులకు జంకి మరల చుట్ట పట్టరాదు. మితాహారము, నడక అలవఱచుకొనవలెను. మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడువారు మానుదుమని ముందుగ వైద్యునితో చెప్పవలెను. మందు మోతాదు మార్చవలసి రావచ్చును. మానుటకై ఇచ్చు బిళ్లలలోను నికోటిన్ కలదు గావున వానిని వైద్యుడు చెప్పిన మేరకే వాడవలెను.

ఈ మాటలు ఈ యూర చెప్పుట సులభము గాదు. ఈ భవనమునకు కప్పు పడినది పొగాకు బ్యారనుల రాబడినుండి రైతులిచ్చిన చందాలతోనే. ఆ ఋణము నేను మఱువను. పంట మార్పు ఒక్క ఏటితో తేలునది గాదు. వాడుక మానుట మాత్రము మన చేతిలోని పని.

కనుక నా విన్నపములు రెండు. గ్రంథాలయపు అరుగుపై చుట్ట, నశ్యము, జర్దా వాడరాదని నేడే తీర్మానింపుడు. చక్కెర వ్యాధిగల ప్రతివారును ఇంట నొక పుస్తకముంచి, పరీక్ష తేదియు, వచ్చిన అంకెయు, ఆ దినమున వాడిన పొగాకు ఎంతయో వ్రాసికొనుడు. మూడు నెలలకు ఆ పుస్తకమును వైద్యునకు చూపుడు. లెక్క వ్రాయుట తెలియనివారు నా యింటికి రండు, వ్రాసి పెట్టెదను.