చైతన్యము వస్తువా, వ్యాపారమా? - విలియం జేమ్సు అనుభవ విచారము



ఒక మ్రానిని కరచుకొని ఉడుత యున్నది. ఆవలి ప్రక్క నిలిచిన మనుష్యుడు దానిని చూడగోరి చెట్టుచుట్టు తిరుగుచున్నాడు. అతడెంత వడిగా తిరిగినను ఉడుతయు నంత వడిగానే జరిగి కాండము చాటున దాగుచున్నది. అతడు చెట్టుచుట్టు తిరిగెననుట నిశ్చయము. మరి ఉడుతచుట్టు తిరిగెనా, లేదా? కొండలలో విడిది చేసిన ఒక మిత్రబృందము ఈ ప్రశ్నపై రెండుగా చీలి, అప్పుడే షికారునుండి వచ్చిన విలియం జేమ్సును తీర్పు చెప్పుమని కోరెను. ఉడుతకు ఉత్తరమున, తూర్పున, దక్షిణమున, పడమట వరుసగా నుండుటయే చుట్టు తిరుగుటయైనచో తిరిగెననియు, దాని ముందు, కుడి, వెనుక, ఎడమ ప్రక్కలకు వచ్చుటయైనచో తిరుగలేదనియు అతడు తేల్చెను. ఇది మాటల గారడి యని కొందరు గొణిగినను, పెక్కుమందికి వివాదము తీరినది.

ఈ కథను జేమ్సు 1906లో బోస్టను నగరపు లోవెల్ సంస్థయందును, 1907లో న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమునందును ఇచ్చిన ఉపన్యాసములలో చెప్పెను. అవి 1907లోనే 'ప్రాగ్మాటిజం' అను పేర గ్రంథమైనవి. క్రియ యను అర్థముగల గ్రీకు పదమునుండి వచ్చిన ఈ పేరును తెలుగున వ్యావహారిక సత్తావాదమందురు. అద్వైతులు చెప్పు వ్యావహారిక సత్తతో దీనిని కలుపరాదు. అక్కడ వ్యవహారము పరమార్థమునకు క్రింది మెట్టు. ఇక్కడ వ్యవహారమే గీటురాయి. ఒక మాట నిజమైనచో ఎవని యనుభవమునందైనను ఏ భేదము కలుగును? ఏ భేదమును కలుగనిచో ఆ వివాదము వట్టిదని ఈ మతము.

ఈ పద్ధతికి మూలపురుషుడు చార్లెస్ శాండర్స్ పర్స్. 1878లో అతడు వ్రాసిన వ్యాసమునకు రావలసినంత పేరు రాలేదు. ఇరువదియేండ్ల పిదప, 1898లో, కాలిఫోర్నియా ప్రసంగమున జేమ్సు ఆ పేరును లోకమునకు చాటెను. తన బిడ్డను ఇతరులు తమ యిచ్చవచ్చినట్లు పెంచుచున్నారని నొచ్చుకొని పర్స్ 1905లో తన మతమునకు 'ప్రాగ్మాటిసిజం' అని పేరు మార్చెను. ఎవ్వరును ఎత్తుకొనిపోలేనంత వికారమైన పేరట! అంతమాత్రమున స్నేహము చెడలేదు. పేదరికమున నున్న పర్స్ కొరకు జేమ్సు మిత్రులనుండి ధనము కూర్చి యిచ్చెను.

జేమ్సునకు ఇదంతయు పండితుల వినోదము కాదు. 1842లో న్యూయార్కున పుట్టి, 1869లో హార్వర్డున వైద్యపట్టము పొందిన అతడు గాఢమైన నిస్పృహలో పడెను. దేహము ఒక యంత్రమై, మనస్సు దానిని ఊరక చూచు సాక్షి మాత్రమే యైనచో మనుష్యుని ప్రయత్నమునకు విలువ యేమి? వైద్యము చదివినవానికి ఇది పుస్తకములలోని శంక కాదు. బ్రదుకునకు సంబంధించిన శంక. ఫ్రెంచి తత్త్వవేత్త రెనూవియే వ్యాసముల నొక భాగము ముగించిన మరునాడు, 1870 ఏప్రిల్ 30వ తేదీని, ఇచ్ఛ స్వతంత్రమని నమ్ముటయే తన స్వతంత్రేచ్ఛ చేయు మొదటి పని యగునని అతడు దినచర్యలో వ్రాసికొనెను. వ్యాధి ఒక్కనాట పోలేదు గాని, దారి యేర్పడినది.

పండ్రెండేండ్ల శ్రమ ఫలముగా 1890లో అతని మనస్తత్త్వశాస్త్ర గ్రంథము రెండు సంపుటములుగా వెలువడెను. అంతవరకు పండితులు పెక్కురు మనస్సును విడివిడి భావములను పూసలవలె గ్రుచ్చిన దండగా వర్ణించుచుండిరి. జేమ్సు దానిని ప్రవాహమనెను. పక్షి కొంత యెగురును, కొంత వ్రాలును. మనము వ్రాలిన కొమ్మలను లెక్కించి, యెగిరిన దారిని మరచుచున్నాము. అతడిచ్చిన నిదర్శనములలో మరచిన పేరును గూర్చినది మిక్కిలి చక్కనిది. ఎఱిగిన మనుష్యుని పేరు జ్ఞప్తికి రాదు. నోటివరకు వచ్చి నిలిచినట్లుండును. ప్రక్కవాడు ఒక పేరు చెప్పును, కాదందుము. ఇంకొకటి చెప్పును, అదియు కాదందుము. అసలు పేరే తోచనివానికి ఇది కాదని తెలిసినదెట్లు? ఆ ఖాళీ వట్టి ఖాళీ కాదు. ఒక్క పేరునకే సరిపోవు ఖాళీ. జేమ్సు ఆంగ్లనామములు రెండు చెప్పెను. వాని స్థానమున రామయ్య, సుబ్బయ్య యనుకొనవచ్చును. రామయ్య పేరునకై వెదకు వెలితి వేఱు, సుబ్బయ్య పేరునకై వెదకు వెలితి వేఱు. మనస్సు పూసల దండయే యైనచో, లేని పూస ఇంత పని చేయజాలదు.

1904లో ప్రకటించిన వ్యాసమున అతడు చైతన్యమను వస్తువు కలదా యని ప్రశ్నించి, లేదనెను. ఎరుక యను పని కలదు గాని, ఆ పనికి ప్రత్యేకముగా నొక పదార్థము లేదని భావము. చదువరి కూర్చున్న గది యొకటే. వడ్రంగము, గోడలకు కాగితము అంటించుట, సామాను అమర్చుట - ఇట్లు ఇంటి చరిత్రలో అదియొక భాగము. చదువరి చూపులు, తలపులు, జ్ఞాపకములు గల చరిత్రలోను అదియే యొక భాగము. రెండు గీతలు ఖండించుకొను బిందువు రెంటికిని చెందును గదా. గ్రంథాలయపు పుస్తకమును తీసికొన్నను ఇంతే: వచ్చిన తేదీ, వరుస సంఖ్య, ఎన్నవ బీరువా - ఇది పుస్తకపు కథ, దీపముకడ దానిని చదువుచు నిదుర మరచిన చందాదారుని కథలోను ఆ పుస్తకమే చేరును. బీరువాలో పుస్తకమొకటి, బుద్ధిలో దాని బొమ్మ యొకటి యని రెండు చేయ నక్కరలేదని జేమ్సు వాదము. తలచుచున్న 'నేను'ను తనలో వెదకినప్పుడు అతనికి ముఖ్యముగా దొరకినవి ఊపిరి రాకపోకలేనట.

1870లో ఇచ్ఛను నమ్మి నిలిచినవాడే చైతన్యమను వస్తువు లేదనుట వింతగా తోచును. కాని అతనిని క్రుంగదీసినది సాక్షిగా కూర్చున్న మనస్సు. లేవదీసినది పని చేయు మనస్సు. ఆ సాక్షినే అతడు త్రోసివేసెను.

జాన్ డ్యూయీ ఈ విచారమును బడికిని, సంఘమునకును మరల్చెను. దీపమునకై చేయి చాచి కాల్చుకొన్న బిడ్డను గూర్చి అతడు 1896లో వ్రాసెను. చూచుట, చాచుట, కాలుట మూడు తునకలు కావు. కాలిన పిదప ఆ దీపమే ఆ బిడ్డకు వేఱు దీపము. 1913లో కొలంబియాలో చేరిన అంబేద్కరు ఈ డ్యూయీ శిష్యుడే.

ఉపయోగపడునదే సత్యమన్నచో ఊరటనిచ్చు అబద్ధము గూడ సత్యమగును గదా యని బర్ట్రండ్ రస్సెల్ మొదలగువారు ఆక్షేపించిరి. నమ్మకము తక్కిన అనుభవములన్నిటితోను దీర్ఘకాలము పొసగవలెనని జేమ్సు సమాధానము. అది సరియైనదే గాని, అతని మాటలు కొన్నియెడల జారినవని ఒప్పుకొనక తప్పదు. రెండవ చిక్కు గడ్డుది. ఇద్దరు ఒకే గదిని చూతురు. ఒకని పంటినొప్పిని ఇంకొకడు పడజాలడు. రెండు మనస్సులు ఒకే వస్తువును పంచుకొనుట యెట్లు? దీనితో జేమ్సు 1905 నుండి 1908 వరకు నోటుపుస్తకములలో పెనుగులాడి, 1909 నాటి గ్రంథమున ఈ విషయమై తర్కమునే విడిచితినని ప్రకటించెను. 1910 ఆగస్టు 26వ తేదీని న్యూ హాంప్‌షైరు రాష్ట్రమున చొకోరువాలోని తన యింట మరణించెను. తత్త్వప్రశ్నలపై ఆరంభించిన పాఠ్యగ్రంథము అప్పటికి అసంపూర్ణముగా నుండెను. 1911లో అది అట్లే అచ్చయినది.